బండి లేపేముందు కాటా ఎక్కించండి

(ఆదివారం పొద్దున బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో మన తెలుగు జీపు గ్యాంగ్ కలిసినప్పుడు, బండి సస్పెన్షన్ మార్చడం గురించి మన సభ్యుడొకాయన మాట్లాడింది ఇది. రాలేకపోయినవాళ్ళు అడిగారని రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా ఆయన మాట్లాడినట్టే ఉంది.)

నమస్తే అండీ అందరికీ. వెనకాల వినిపిస్తా ఉందా? మైకు పక్కన పెట్టేస్తా, నాకు అక్కర్లేదు, మాది మదనపల్లె, టమాటా మార్కెట్లో మా నాయన పక్కన నిలబడి తయారైన గొంతు ఇది, హోస్కోటె దాకా వినిపిస్తుంది. ముందే ఒక మాట చెప్పేస్తా, నేను మెకానిక్‌ని కాదు. ఇంజనీర్‌నే గానీ మీ అందరి మాదిరే కంప్యూటర్ ముందు కూర్చునే ఇంజనీర్‌ని. మరి నన్నెందుకు పిలిచినారంటే, ఈ హాల్లో ఉన్నవాళ్ళందరిలో సస్పెన్షన్ మీద ఎక్కువ డబ్బు తగలేసినోణ్ణి నేనే. అంతకుమించి అర్హత ఏమీ లేదు.

సరే, చేతులెత్తండి. ఈ ఏడాదిలోనే బండి కొన్నవాళ్ళు ఎంతమంది? అబ్బో, సగం మంది ఉన్నారే. ఆ చేతులు అట్లే ఉంచి, అందులో సస్పెన్షన్ మార్చాలి, లిఫ్ట్ చెయ్యాలి, అంటే బండి ఎత్తు పెంచాలి అనుకుంటున్నవాళ్ళు? ఒక్క చెయ్యి కూడా దిగలేదు చూడండి! తమ్ముడూ, నువ్వు చెప్పు, ఎందుకు మార్చాలనుకుంటున్నావు? లుక్ కోసమా? నిజం చెప్పినాడు, సంతోషం. లుక్ కోసం చేసుకోవడంలో తప్పేం లేదు, పెళ్ళికి పట్టుబట్టలు కట్టుకోమా ఏంది. కాకపోతే పట్టుబట్టలతో పొలం దున్నడానికి పోకూడదు, అంతే నేను చెప్పేది.

ఇప్పుడు ఒక్క లెక్క వెయ్యండి. మీ బండి మీటర్ మీద పది వేల కిలోమీటర్లు ఉన్నాయనుకోండి. అందులో సిల్క్ బోర్డ్, మారతహళ్ళి, కేఆర్ పురం బ్రిడ్జి కింద నిలబడి తిరిగినవి ఎన్ని? ఊరికి పోయి వచ్చినవి ఎన్ని, హైవే మీద? సకలేశపుర ఎస్టేట్ దారుల్లోనో, కనకపుర రోడ్డు పక్కన మట్టిలోనో నిజంగా ఫోర్ వీల్ పెట్టి తిరిగినవి ఎన్ని? నేను నా బండికి వేసినా ఈ లెక్క. మొదటి ఏడాది మట్టిలో తిరిగింది రెండొందల ఎనభై కిలోమీటర్లు. ఆ రెండొందల ఎనభై కోసం మిగతా కిలోమీటర్లన్నీ నడుం పట్టేసేటట్టు చేసుకున్నా. ఎట్లనో చెప్తా వినండి.

2023లో మారుతీ జిమ్నీ తీసుకున్నా. తీసుకున్న మూడో నెలలోనే ఒక షాపుకు పోయినా, పేరు చెప్పను, అడగొద్దండి, అన్నా నువ్వు నవ్వితే అందరికీ తెలిసిపోతుంది. పోతే అతను అడిగిన మొదటి ప్రశ్న ఏమిటో తెలుసా? "సార్, ఎన్ని ఇంచులు?" అంతే. బండిలో ఏం మోస్తావు, ఎంతమంది ఎక్కుతారు, యాడ తిరుగుతావు, ఏదీ అడగలేదు. బట్టల షాపులో నీ కొలత అడక్కుండా రంగు ఒక్కటే అడిగినట్టు. నేనూ అట్లే ఉన్నా, రెండించులు అన్నా. "ట్రిప్పులకు పోతారు గదా సార్, హెవీ డ్యూటీ వేసుకోండి, రేపు బంపర్ పెట్టినా, విన్చ్ పెట్టినా తట్టుకుంటుంది" అన్నాడు, విన్చ్ అంటే బండి దిగబడితే తాడుతో లాగే మోటారు. వేసుకున్నా. లక్షా పది వేలు. ఇంటికొచ్చి పార్కింగ్‌లో పెట్టి ఫోటోలు తీసుకున్నా, ఆ ఫోటోలు మాత్రం బ్రహ్మాండంగా వచ్చినాయి, ఇప్పటికీ ఉన్నాయి.

తర్వాతి శనివారం అమ్మను తీసుకుని ఊరికి బయల్దేరినా. హోస్కోటె దాటి చింతామణి మీదుగా పోతాం గదా, ఆ దారిలో ప్రతి ఊరికీ ముందొక స్పీడ్ బ్రేకర్, వెనకొక స్పీడ్ బ్రేకర్. అమ్మ వెనక సీట్లో. మొదటి బ్రేకర్‌కి ఏమీ అనలేదు. రెండోదానికి పైన పట్టుకునే హ్యాండిల్ పట్టుకునింది. చింతామణి వచ్చేసరికి ఒకటే మాట అనింది, "ఒరేయ్, మీ తాత ఎద్దుల బండిలో వరిగడ్డి పరిచేవాడు రా." ఇంక నోరెత్తలేదు నేను. అదొక్కటే అయితే సర్దుకుందును. ఎనభై స్పీడులో స్టీరింగ్ నిలకడగా ఉండేది కాదు, గాలి కొడితే అటు, లారీ పక్కన పోతే ఇటు, చేత్తో పట్టి దిద్దుతానే ఉండాల.

సరే రోడ్డు మీద కష్టపడినా మట్టిలో ఇరగదీస్తుందిలే అనుకున్నా. సకలేశపుర పోయినాం, నాతోపాటు ఇంకో జిమ్నీ, మా ఆఫీసు అబ్బాయిది, షోరూం నుంచి వచ్చినట్టే ఉంది, మడ్ ఫ్లాప్ కూడా మార్చలేదు. ఒక చోట ఎడమ ముందుది, కుడి వెనకది గుంతల్లోకి దిగే దారి. వాడు మెల్లగా పాకుతా ఎక్కేసినాడు. నాది? వెనక చక్రం ఇంత ఎత్తున గాల్లోకి లేచి గిర్రున తిరుగుతా ఉంది. స్ప్రింగ్ అంత గట్టిగా ఉంటే, దాన్ని నొక్కేంత బరువు పైన లేకుంటే, చక్రం కిందికి ఎట్ల పోతుంది? గుంతలోకి చక్రం దిగాలంటే అవతలి వైపు స్ప్రింగ్ నలగాల గదా. నాది నలగనంది. లక్షా పది వేలు పెట్టి నేను కొనుక్కున్నది అది.

అసలు స్ప్రింగ్ పనేంది, షాకబ్జర్ పనేంది? ఇది తెలియకుండానే అందరం షాపుకు పోతాం. ఇదిగో బాల్‌పెన్ స్ప్రింగ్. నొక్కినా, వదిలినా. ఎగిరిపోయింది చూశారా, ఎవరి కాళ్ళ కిందనో పడింది, వదిలేయండి ఇంకోటి ఉంది. స్ప్రింగ్ ఏం చేస్తుంది? బరువు మోస్తుంది. బండి ఎంత ఎత్తులో నిలబడాలనేది స్ప్రింగ్ చూసుకుంటుంది. నొక్కితే శక్తి దాచుకుంటుంది, వదిలితే తిరిగి ఇచ్చేస్తుంది. దానికి అంతకంటే తెలియదు. షాకబ్జర్ బరువు మొయ్యదు. మళ్ళీ చెప్తా, షాకబ్జర్ బరువు మొయ్యదు. స్ప్రింగ్ అట్ల ఎగరకుండా పట్టుకుని మెల్లగా దించడం దాని పని, లోపల నూనె ఉంటుంది, చిన్న చిన్న రంధ్రాల్లోంచి ఆ నూనె దూరడానికి కష్టపడుతుంది, ఆ కష్టమే వేడి అవుతుంది. అంటే గుంతలో పడిన దెబ్బను వేడిగా మార్చి గాలికి వదిలేస్తుంది. కాబట్టి బండి వెనక కూలబడిపోతా ఉంటే అది స్ప్రింగ్ సమస్య, గుంత దాటినాక రెండు మూడు సార్లు ఊగుతా ఉంటే అది షాకబ్జర్ సమస్య. ఈ రెండూ కలిపి చూసి "సస్పెన్షన్ బాలేదు" అంటారు, షాపువాడు "కిట్ మొత్తం మార్చాలి సార్" అంటాడు.

నూనె అన్నాను గదా, ఈ బాటిల్ చూడండి, సగం వంటనూనె. ఊపుతా ఉన్నా. బుడగలు వచ్చినాయా? రేకుల మాదిరి వరసగా అలలు తేలిన మట్టి రోడ్డు ఉంటుంది చూడండి, ఆ రోడ్డు మీద అరగంట పోతే షాకబ్జర్ లోపల జరిగేది ఇదే. మామూలుగా కంపెనీ ఇచ్చేది ట్విన్ ట్యూబ్, లోపలొక గొట్టం బయటొక గొట్టం, బయటిదాంట్లో నూనె పైన కొంచెం గాలో గ్యాసో ఉంటుంది, ఊపుడికి రెండూ కలిసి నురగ అవుతాయి. నురగకు బలమేముంది? రంధ్రంలోంచి సులువుగా దూరిపోతుంది, బండి పడవలా ఊగుతుంది. దీనికి మందుగా ఒకరు ఆ గాలి జాగాలో ఫోమ్ ముక్క పెడతారు, దాన్నే ఫోమ్ సెల్ అంటారు. ఇంకొకరు ఒకటే గొట్టం పెట్టి, కింద నైట్రోజన్ గ్యాస్, మధ్యలో కదిలే పిస్టన్ అడ్డం పెట్టి నూనెనీ గ్యాస్‌నీ విడదీస్తారు, అది మోనోట్యూబ్. పక్కన ఇంకో చిన్న సీసాలాంటిది తగిలించుకుని ఉంటాయే, రిజర్వాయర్ ఉన్నవి, వాటిలో నూనె ఎక్కువ పడుతుంది కాబట్టి వేడెక్కడం ఆలస్యమవుతుంది. చూడడానికి భలే ఉంటాయి, నిజమే. కానీ మనం గంటల తరబడి ఎడారిలో తొంభైలో తోలుతామా? మన ఎస్టేట్ దారిలో పోయేది గంటకు పది కిలోమీటర్లు. ఆ స్పీడుకు షాకబ్జర్ వేడి కూడా ఎక్కదు. ఇంకో సంగతి, మోనోట్యూబ్‌లో పిస్టన్ తిరిగేది నేరుగా బయటి గొట్టానికి ఆనుకుని, పెద్ద రాయి తగిలి సొట్ట పడిందంటే లోపల పిస్టన్ పట్టేస్తుంది. ట్విన్ ట్యూబ్ బయటి గొట్టానికి చిన్న సొట్ట పడినా పని నడుస్తుంది. కాబట్టి ఖరీదైందే మనకు మంచిది అనుకోవద్దు.

మీ షాకబ్జర్లు బతికున్నాయో లేదో తెలుసుకోవడానికి ఒక చిట్కా ఉంది, డబ్బు ఖర్చు లేదు. గతుకుల రోడ్డు మీద కొంచెం దూరం పోయి ఆపి, నాలుగింటి మీదా వేలు పెట్టి చూడండి, పక్కన సైలెన్సర్ గొట్టం ఉంటుంది చూసుకోండి, చెయ్యి కాలుతుంది. మూడు గోరువెచ్చగా ఉండి ఒకటి చల్లగా ఉందంటే, ఆ చల్లగా ఉన్నది పనిచెయ్యడం మానేసింది. పనిచేసేది వేడెక్కాల గదా. అట్లే కడ్డీ చుట్టూ నూనె తడి ఉందేమో చూడండి.

ఇప్పుడు అందరికీ ఇష్టమైన మాటకొద్దాం, గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకూ బండి కింద వేలాడే భాగానికీ మధ్య ఎడం. జిమ్నీకి 210 మిల్లీమీటర్లు, మహీంద్రా థార్‌కి 226 అని కంపెనీ చెప్తుంది. నేను 50 మిల్లీ లిఫ్ట్ చేసినా. ఇప్పుడు నాకు 260 వచ్చిందా? ఎవరైనా చెప్పండి. రాలేదు! ఎందుకు రాలేదు? జిమ్నీకి ముందూ వెనకా రెండూ గట్టి యాక్సిళ్ళు, ఈ చక్రం నుంచి ఆ చక్రం దాకా ఒకటే దూలం. ఆ దూలం మధ్యలో డిఫరెన్షియల్, అంటే ఇంజను బలాన్ని రెండు చక్రాలకూ పంచే గేర్ల డబ్బా, బోర్లించిన ముంత మాదిరి వేలాడతా ఉంటుంది. ఆ దూలం నిలబడేది చక్రాల మీద, స్ప్రింగ్ దానికి పైన ఉంటుంది. స్ప్రింగ్ ఎంత పొడుగు పెట్టినా బాడీ లేస్తుంది గానీ ముంత లేస్తుందా? రాయి తగిలేది ముందు ఆ ముంతకే. దాన్ని లేపగలిగేది టైరు ఒక్కటే, అది కూడా టైరు ఎంత పెరిగిందో అందులో సగం. జిమ్నీ టైరు 195/80 ఆర్15, మొత్తం ఎత్తు లెక్కేస్తే 693 మిల్లీ. చాలామంది వేసుకునే 215/75 ఆర్15 దాదాపు 703. పది మిల్లీ పెరిగింది, అందులో సగం ఐదు. ఐదు మిల్లీమీటర్లు! మీ చిటికెన వేలంత మందం కూడా లేదు. థార్ వాళ్ళకు ముందు వైపు ఇండిపెండెంట్, అంటే దూలం లేకుండా ఏ చక్రానికదే విడిగా కదులుతుంది, కాబట్టి అక్కడ డిఫరెన్షియల్ బాడీతోపాటు లేస్తుంది, వెనక మాత్రం మీదీ దూలమే, మీదీ ముంతే.

మరి లిఫ్ట్ వల్ల ఏమీ లాభం లేదా అంటే, ఉంది. బాడీ లేస్తుంది కాబట్టి మూతి తగలకుండా ఎక్కే కోణం, పొట్ట తగలకుండా గట్టు దాటే కోణం పెరుగుతాయి. మన ఐదు డోర్ల జిమ్నీ వీల్‌బేస్, అంటే ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా దూరం, 2,590 మిల్లీ, బయటి దేశాల్లో అమ్మే మూడు డోర్లది 2,250. ఇంత పొడుగు పెరిగింది కాబట్టి మనదానికి గట్టు దాటే కోణం 24 డిగ్రీలే, పొట్ట తగులుతుంది. ఎస్టేట్‌లో నీళ్ళు పోవడానికి అడ్డంగా గట్లు వేస్తారు చూడండి, అక్కడ నిజంగానే లిఫ్ట్ పనికొస్తుంది. మీకు పదే పదే పొట్ట తగులుతా ఉంటే చేయించుకోండి, ఎవరొద్దన్నారు. ఒక్కసారి కూడా తగలకుండానే చేయించుకున్నా చూడండి, అదీ నా తెలివి.

లిఫ్ట్ చేస్తే ఇంకేమేం కదులుతాయో చెప్తా. సైకిల్ ముందు ఫోర్కు చూడండి, నిటారుగా ఉండదు, వాలుగా ఉంటుంది. ఆ వాలు ఉండబట్టే చేతులు వదిలేసినా సైకిల్ నేరుగా పోతుంది, చిన్నప్పుడు అందరం చేసినాం ఆ పని, పడినాం కూడా. బండికీ అట్లాంటి వాలు ఉంది, దాన్ని క్యాస్టర్ అంటారు. జిమ్నీలో ముందు యాక్సిల్‌ని రెండు చేతుల్లాంటి ఆర్ములు పట్టుకుని ఉంటాయి, బాడీ పైకి లేస్తే ఆ ఆర్ములు కిందికి వంగుతాయి, వాటితోపాటు యాక్సిల్ కొంచెం తిరుగుతుంది, ఆ వాలు తగ్గిపోతుంది. నా స్టీరింగ్ నిలకడ పోయింది అందుకే. షాపువాడికి తెలియదా? తెలుసు. దానికి క్యాస్టర్ సరిచేసే బుష్‌లు వస్తాయి, బుష్ అంటే ఆర్ము బోల్టు చుట్టూ ఉండే రబ్బరు గుండ్రం, అవి వేరే బిల్లు. తర్వాత లేటరల్ రాడ్, యాక్సిల్ పక్కకు జరగకుండా అడ్డంగా పట్టే కడ్డీ, దాని పొడుగు మారదు గానీ బాడీ లేస్తుంది, అప్పుడు యాక్సిల్ ఒక పక్కకు లాగబడుతుంది. నా బండి వెనక నుంచి చూస్తే ఒక టైరు బయటికి, ఒక టైరు లోపలికి ఉండేది, మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కన్నడలో అడిగినాడు, "సార్, గాడి ఎల్లాదరూ గుద్దిద్రా" అని. యాడన్నా గుద్దినావా అని!

థార్, స్కార్పియో వాళ్ళకు వేరే తలనొప్పి. ముందు ఇండిపెండెంట్ కాబట్టి స్పేసర్, అంటే స్ప్రింగ్‌కు ఎత్తుగా పెట్టే దిమ్మ, పెట్టి లేపితే యాక్సిల్ షాఫ్ట్ ఎక్కువ వంకరగా తిరగాల, ఆ జాయింట్ మీద కప్పిన రబ్బరు బూటు త్వరగా చిరుగుతుంది, చిరిగితే మట్టి పోతుంది, మట్టి పోతే జాయింట్ పోతుంది. ఇంకోటి, చక్రం పైకీ కిందికీ కదిలే మొత్తం దూరం కొలిచి ఇచ్చిన గుడ్డ లాంటిది. స్పేసర్ పెట్టి లేపినామంటే గుడ్డ పెరగలేదు, కింది వైపుది కత్తిరించి పై వైపు కుట్టినాం. చక్రం గుంతలోకి దిగడానికి మిగిలేది తక్కువ. చిన్న గుంత దాటినా ముందు నుంచి టక్ టక్ అని చప్పుడు వస్తుందే, అది షాకబ్జర్ పూర్తిగా సాగిపోయి అక్కడ కొట్టుకునే చప్పుడు. ఇక బ్రేక్ గొట్టాలు చాలకపోవడం, హెడ్‌లైట్ ఎదుటివాడి కళ్ళల్లో కొట్టడం, మలుపులో బండి ఎక్కువ వాలడం, అవన్నీ చెప్తా కూర్చుంటే మధ్యాహ్నం భోజనం చల్లారిపోతుంది.

అసలు విషయం ఇప్పుడు చెప్తా, దీనికోసమే ఇంతదూరం తీసుకొచ్చినా. కాటా. అవును, లారీలు తూచే వేబ్రిడ్జి. ఒకరోజు ఊరి నుంచి వస్తా ఉంటే ముందు టమాటా లారీ కాటా ఎక్కుతా ఉంది. చిన్నప్పుడు మా నాయనతో ఎన్నిసార్లు పోయినానో లెక్కలేదు, లారీ ఎక్కితే నంబరు అటూ ఇటూ ఆడి నిలబడేది, అది నిలబడేదాకా నాయన ఊపిరి బిగబట్టేవాడు. ఉన్నట్టుండి నాకు బుర్రలో వెలిగింది, ఒరే, లక్ష పెట్టి స్ప్రింగులు మార్చినావే, నీ బండి బరువెంతో నీకు తెలుసా? తెలియదు! లారీ దిగినాక నేనెక్కినా. కాటా అబ్బాయి బయటికొచ్చి "ఏం లోడన్నా" అన్నాడు. లోడేం లేదు నేనే అన్నా. నవ్వినాడు. ముందు చక్రాలు మాత్రమే కాటా మీద పెట్టి ఒకసారి, మొత్తం ఎక్కించి ఒకసారి తూయించినా. నేనొక్కడినే, లాప్‌టాప్ బ్యాగు, ముందు 690, మొత్తం 1,270. అంటే వెనక యాక్సిల్ మీద ఎంత? 580 కిలోలే.

తర్వాత ట్రిప్పుకు పోయేరోజు అంతా సర్దుకుని, నలుగురం కూర్చుని, మళ్ళీ పోయినా. పైన క్యారియర్, ఫ్రిజ్, నీళ్ళ క్యాన్లు, గుడారం, మా ఆవిడ పట్టుబట్టి పెట్టిన రోటి పచ్చడి జాడీ కూడా. ముందు 720, మొత్తం 1,600. వెనక 880. చూశారా? ముందు పెరిగింది ముప్పై కిలోలు, వెనక పెరిగింది మూడొందలు! అసలు దెబ్బ ఇంకోటి, జిమ్నీకి కంపెనీ ఒప్పుకునే మొత్తం బరువు 1,545 కిలోలు. ఖాళీ బండి దాదాపు 1,200. నలుగురు మనుషులు ఎక్కితే మిగిలేది అరవై డెబ్బై కిలోలే. అందులో ఇనప బంపర్, విన్చ్, పైన గుడారం... యాడ పెడతావు? నేను యాభై ఐదు కిలోలు ఎక్కువ మోస్తా ఉన్నా. హెవీ స్ప్రింగ్ వేసుకున్నా గదా అంటారేమో, స్ప్రింగ్ మారిస్తే బండి కూలబడకుండా నిలబడుతుంది, అంతే, బ్రేకులు పెరిగినాయా? యాక్సిల్, బేరింగులు పెరిగినాయా? కంపెనీ చెప్పిన నంబరు అట్లే ఉంటుంది.

ఓల్డ్ మ్యాన్ ఈము కానీ, ఐరన్‌మ్యాన్ కానీ, టఫ్ డాగ్ కానీ, మంచి కంపెనీలేవైనా స్ప్రింగులు అమ్మేటప్పుడు ఇన్ని ఇంచులు అని ఊరికే అమ్మవు, ఇన్ని కిలోల అదనపు బరువుకు ఇది అని పట్టిక ఇస్తాయి. ఆ బరువు ఎప్పుడూ బండి మీద ఉండే బరువు. ఏడాదికి రెండుసార్లు ఎక్కే బరువు కాదు. బంపర్ బోల్టు వేసి బిగించినావంటే అది ఎప్పుడూ ఉండేది. ఫ్రిజ్ దింపేస్తావు. మామగారు దిగిపోతారు, కొంతమంది మామగార్లు దిగరనుకోండి, అది వేరే విషయం. నా బండి మీద ఎప్పుడూ ఉండే అదనపు బరువు క్యారియర్ ఒక్కటి, ఇరవై కిలోల చిల్లర. దానికి నేను వేసుకున్నది వెనక రెండొందల కిలోలు నిరంతరం మోసే స్ప్రింగు! రోజూ ఖాళీగా తిరిగే బండికి. కాబట్టి అది నలగదు, అమ్మ నడుం నలిగింది.

అందుకని ఇప్పుడే కొన్నవాళ్ళకు నేను చెప్పేది, ముందు డబ్బు ఖర్చు లేని పని చెయ్యండి. టైరు గాలి. డోర్ పక్కన స్టిక్కర్ మీద ఉన్నది రోడ్డుకు. మట్టిలోకి దిగేముందు 18 పీఎస్‌ఐకి దించండి, చిన్న కంప్రెసర్ బండిలో పెట్టుకోండి, తార్రోడ్డు ఎక్కంగానే మళ్ళీ నింపండి, మర్చిపోయి హైవేలో పోవద్దు, టైరు వేడెక్కి పోతుంది. ఇది చేసినాక సగం మందికి "అన్నా, సస్పెన్షన్ బాగైపోయింది" అనిపిస్తుంది, చాలా మంది ఆపుకోవచ్చు అక్కడితో. తర్వాత ఒక ఏడాది తిరగండి. యాడ తగులుతా ఉంది, ఏం తగులుతా ఉంది అని కింద పడుకుని గీతలు చూడండి, గీతలు అబద్ధం చెప్పవు. పాత బండి కొన్నవాళ్ళయితే, పాత థార్, జిప్సీ, బొలేరో వాళ్ళు, ముందు బుష్‌లు, కమాన్ పట్టీలను బండికి తగిలించే షాకిళ్ళు చూపించుకోండి. పాతికేళ్ళ జిప్సీకి రబ్బరు బుష్‌లు మార్చి, పట్టీల మధ్య తుప్పు దులిపిస్తే వచ్చే మార్పు, కొత్త కిట్ వేసినా రాదు. అప్పటికీ చాలకపోతే మంచి షాకబ్జర్లు, స్ప్రింగులు కంపెనీవే ఉంచి. నేను చివరికి చేసింది అదే. హెవీ స్ప్రింగులు తీయించి పాతవి వేయించి, ఫోమ్ సెల్ షాకబ్జర్లు వేసినా. ఈసారి అమ్మ చింతామణి దాటినాక నిద్రపోయింది.

బిగించేటప్పుడు ఒకటి దగ్గరుండి చూసుకోండి, ఇది ఎవరూ చెప్పరు. ఆర్ముల బోల్టులకు రబ్బరు బుష్‌లు ఉంటాయి గదా, బండి జాకీ మీద లేపి చక్రాలు వేలాడతా ఉండగానే ఆ బోల్టులు బిర్రుగా బిగించేస్తారు చాలాచోట్ల, పని త్వరగా అయిపోతుందని. అప్పుడేమవుతుంది? బండి కిందికి దించంగానే రబ్బరు మెలిదిరుగుతుంది, ఇరవై నాలుగ్గంటలూ మెలిదిరిగిన చెవిలా ఉంటుంది, కొన్నాళ్ళకే చిరిగిపోతుంది. జాకీ మీద వేలితో బిగించి, కిందికి దించి, బండి బరువు చక్రాల మీద పడినాక, అప్పుడు పానా పెట్టి ఆఖరి బిగింపు. పోయి వెయ్యి కిలోమీటర్ల లోపల మళ్ళీ చూపించండి. వీల్ అలైన్‌మెంట్ ఎట్లాగూ తప్పదు.

ప్రశ్నలా? చెప్పండక్కా. పీయూ బుష్‌లా? అక్క అడుగుతా ఉంది, రబ్బరు బదులు ఆ రంగు రంగుల పాలియురెథేన్ బుష్‌లు వెయ్యొచ్చా అని. స్టెబిలైజర్ బార్‌కు, మలుపులో బండి వాలకుండా పట్టే కడ్డీకి, అయితే వేసుకోండి, పర్వాలేదు. జిమ్నీ ఆర్ములకు వద్దు. యాక్సిల్ ఒక పక్క ఎత్తి ఒక పక్క దించాలంటే ఆ బుష్‌లే మెలిదిరగాల, రబ్బరు మెలిదిరుగుతుంది, పీయూ గట్టిగా ఉండి తిరగనివ్వదు. పైగా గ్రీజు ఆరిపోతే కిచకిచలాడతాయి, మా ఇంటి గేటు నయం.

ఆర్టీవో సంగతా? వస్తుందని తెలుసు ఈ ప్రశ్న. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్‌కి తేడాగా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే ఏడాది చట్టం సవరించినాక అనుమతి లేని మార్పుకు, ఒక్కో మార్పుకు ఐదు వేలు జరిమానా, లేదా ఆర్నెల్ల దాకా జైలు, లేదా రెండూ. ఒక్కో మార్పుకు, గుర్తు పెట్టుకోండి. ప్రమాదం జరిగినాక ఇన్సూరెన్స్ వాళ్ళు వచ్చినప్పుడు మీ పక్కన ఆ షాపువాడు నిలబడడు. నేను మా ఇంట్లో చెప్పినట్టే మీకూ చెప్తా ఉన్నా, తెలిసి చెయ్యండి, తెలియక చెయ్యొద్దు.

సెకండ్ హ్యాండ్ కిట్ తమ్ముడూ? నా హెవీ స్ప్రింగులు కొంటావా, ఇస్తా! ఊరికే అన్నా. కొనేముందు అమ్మేవాడి బండి బరువెంత, ఏం తగిలించినాడు అడుగు. వాడి బండికి సరిపోయిందని నీకు సరిపోదు. షాకబ్జర్ కడ్డీ మీద గోరు పెట్టి పైనుంచి కిందికి గీకి చూడు, గీత తగిలిందంటే సీలు పోతుంది, వదిలెయ్.

సరే, ఇంక మాటలు చాలు. కింద బేస్‌మెంట్‌లో బండ్లు పెట్టినాం గదా, పదండి. అందరూ టైరు పైన బాడీ అంచు నుంచి చక్రం మధ్య చుక్క దాకా కొలుద్దాం, నేల నుంచి కొలిస్తే గాలి తక్కువున్న టైరు మోసం చేస్తుంది. నాలుగు చక్రాలకూ కొలిచి మీ పేర్లు రాసి పెడదాం, ఈ ఏడాది ఎవరి స్ప్రింగ్ ఎంత కూలబడిందో వచ్చే ఏడాది చూద్దాం. టేపు నా దగ్గరుంది. ఆ తెల్ల థార్ ఎవరిది? ముందు దానిలో ఉన్న ఆ సిమెంట్ మూట ఎందుకుందో చెప్పి, దింపండి.